కొండ ఎప్పుడు దిగాలి: నా తొలి కాన్పు అనుభవం

పాపకు ఈ రోజు నలభయ్యో రోజు. పుట్టింట్లో ఉన్నాను. పాపను ఒడిలో పడుకోబెట్టుకుని ఒంటి చేత్తో ఇది టైప్ చేస్తున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. మా వైపు కొండ మీది ఊళ్లలో పనిచేసే టీచర్లు, సచివాలయం అమ్మాయిలు ఈ నెలలో నలుగురు ఫోన్ చేశారు. నొప్పులు ఎలా వచ్చాయి, ఎన్ని కుట్లు పడ్డాయి అని ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగింది ఒక్కటే, "అక్కా, కాన్పుకు నువ్వు కొండ ఎప్పుడు దిగావు?"

మాది పార్వతీపురం మన్యం జిల్లా, గుమ్మలక్ష్మీపురం మండలంలో కొండ మీద ఒక సవర గిరిజనుల ఊరు. పేరు రాయను. ముప్పై ఒక్క గడప. తారు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నాలుగు కిలోమీటర్లు కాలిబాట, మధ్యలో ఒక గెడ్డ, అంటే కొండ వాగు. దిగడానికి గంటా పది నిమిషాలు, ఎక్కడానికి దాదాపు రెండు గంటలు. అది కడుపుతో లేనప్పటి లెక్క. బడికి నేనొక్కదాన్నే టీచర్ని. వారంలో ఐదు రోజులు బడి పక్క గదిలోనే ఉంటాను. మా ఆయన కింద సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్, అంటే లైన్‌మన్ పని. ఆయన రెండు రోజులకోసారి ఎక్కి వస్తారు, కరెంటు స్తంభాలు పడిపోతే అదీ లేదు. సిగ్నల్ ఊళ్లో రాదు. ఊరి పైన ఇరవై నిమిషాలు ఎక్కితే ఒక పెద్ద బండ ఉంది, దాని మీద నిలబడితే వస్తుంది.

జనవరి 2న కడుపుతో ఉన్నానని తెలిసింది. ఇంట్లోనే గర్భం చూసుకునే కిట్టు కోసం మా ఆయన బండి మీద పార్వతీపురం వెళ్లి తెచ్చారు, పెట్రోలుతో కలిపి 350 అయింది. వారం తర్వాత ఆశా అక్కకు చెబితే, తన సంచిలోంచి అలాంటిదే తీసి చూపించి, "ఇది మా దగ్గర ఊరికే ఇస్తాం కదా మేడం, అడగాలి కదా" అని నవ్వింది. అడగడానికి సిగ్గుపడ్డాం, అదీ అసలు సంగతి.

9వ తేదీన పీహెచ్‌సీకి వెళ్లాను. ప్రతి నెలా 9న గర్భిణులను డాక్టరు చూస్తారు. ఆ రోజే తల్లీబిడ్డ కార్డు రాశారు, రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 9.1. దానికి నేను పెద్దగా కంగారు పడలేదు, మా ఇంట్లో ఆడవాళ్లందరికీ అంతే. కానీ చిన్న గాజు గొట్టంలో నా రక్తం చుక్క వేసి, దాన్ని ఒక గీతల కాగితం ముందు పట్టుకుని చూసిన ల్యాబ్ తమ్ముడు ఇంకోసారి చూశాడు. సికిల్ సెల్ పరీక్ష, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తం జబ్బుకు చేసేది. "పాజిటివ్ లాగా ఉంది, పెద్ద పరీక్షకు పంపుతాం" అన్నాడు.

మేమిద్దరం జాతాపు గిరిజన కుటుంబాల వాళ్లమే. సికిల్ సెల్ పేరు విన్నదే, బడిలో పిల్లలకు క్యాంపు పెట్టినప్పుడు నేనే వరసలో నిలబెట్టాను. నా వరకు వస్తుందని అనుకోలేదు. డాక్టరమ్మ నిదానంగా చెప్పారు. నాకు ఆ లక్షణం అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వచ్చి ఉంటే మామూలుగా నాకేమీ కాదు, వాహకురాలిని అంతే. మా ఆయనకు కూడా అలాగే ఉంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. "ఆయన్ని కూడా తీసుకురావాల్సింది" అన్నారు. ఆయన ఆ రోజు లైను డ్యూటీలో ఉన్నారు.

నా రిపోర్టు జనవరి 27న వచ్చింది, పద్దెనిమిది రోజులకు. వాహకురాలినే. మర్నాడే ఆయన విజయనగరం వెళ్లి ప్రైవేటు ల్యాబులో రక్తం ఇచ్చారు, 950 రూపాయలు. మూడు రోజులన్నారు. ఆ మూడు రోజులు నేను పైన, ఆయన కింద. ఐదో తరగతి చదివే ఒక పాపకు నా ఫోనిచ్చి బండ దగ్గరకు పంపేదాన్ని. అది ఎక్కి, మెసేజ్ వచ్చేదాకా కూర్చుని, చదువుకుని, దిగి వచ్చి చెప్పేది. మూడో రోజు సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చి, "టీచర్, సార్ నార్మల్ అంట, ఏడవకు అంట" అంది. నేను అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. మొదటి రోజే ఇద్దరం కలిసి వెళ్లుంటే ఆ ఇరవై రెండు రోజులు ఉండేవి కావు. మన్యం ఊళ్ల జంటలు ఇది చదువుతుంటే, మొదటి చెకప్‌కు ఇద్దరూ వెళ్లండి.

ఐరన్ మాత్రల గురించి చెప్పాలి. విరేచనం నల్లగా అవుతుందని ఎవరూ చెప్పలేదు, మొదటిసారి చూసి భయపడ్డాను. మలబద్ధకం సరేసరి. పొద్దున టీతో పాటే మాత్ర వేసుకునేదాన్ని, అలా వేసుకుంటే ఒంటికి పట్టదని ఏప్రిల్‌లో గానీ తెలియలేదు. మే నెలలో మళ్లీ చూస్తే 8.8. సెలవులకు సీతంపేట వైపు మా పుట్టింటికి వెళ్లాను కాబట్టి బతికిపోయాను. అక్కడి ఆసుపత్రి ఆటోలో పావుగంట. రోజు విడిచి రోజు ఐదుసార్లు సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. జులై చివరికి 10.6 అయింది. ఆ ఐదు సార్లూ కొండ దిగి ఎక్కాల్సి వస్తే మూడోసారికే మానేసేదాన్నేమో.

ఏప్రిల్ 12న ఐదో నెల స్కానింగ్ ప్రైవేటులో చేయించాం, 1,700. అక్కడ ఆధార్ అడుగుతారు. మర్చిపోయి వెళ్లాం. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోలేదు, చివరికి డిజీలాకర్‌లో చూపిస్తే సరే అన్నారు. గంటన్నర అక్కడే పోయింది. స్కాన్ చేసిన డాక్టరు మాట్లాడకుండా చూస్తూ ఉంటే మా ఆయన చెయ్యి నా చెయ్యి కన్నా చల్లగా ఉంది.

ఆషాఢం రాకముందే, బడులు తెరవకముందే అని జూన్ 8 ఆదివారం సీమంతం చేశారు. చలిమిడి, గాజులు, పాటలు. అమ్మ అప్పుడే మొదలుపెట్టింది, "తొలి కాన్పు, ఇక్కడే ఉండిపో, వెళ్లకు." జూన్ 12న బడి తెరిచే రోజుకు నేను కొండ మీద ఉన్నాను.

ఎందుకు వెళ్లానో చాలామంది అడిగారు, కొందరు తిట్టారు. రెండు కారణాలు. ప్రసూతి సెలవు 180 రోజులు. కాన్పుకు ముందు వాడుకున్న ప్రతి రోజూ తర్వాత బిడ్డ దగ్గర ఉండే రోజుల్లోంచి కోతే. రెండోది, నేను లేకపోతే బడికి తాళం. డిప్యుటేషన్ మీద ఎవరినైనా వేయమని మేలోనే అర్జీ ఇచ్చాను. ఆ కాగితం ఏ బల్ల మీద ఉందో ఇప్పటికీ తెలియదు.

కాన్పు తేదీ సెప్టెంబరు 1. ఏఎన్ఎం అక్క లెక్క గట్టి, ఆగస్టు 4కి ముప్పై ఆరు వారాలు నిండుతాయి, ఆ వారంలో దిగిపోవాలి అని కార్డు మీదే రాసింది. నేను పదిహేనో తేదీ జెండా ఎగరేసి పదహారున దిగుతానన్నాను. ఆవిడ నా మొహం చూసి, "గెడ్డకి నీ తేదీలు తెలుసా మేడం?" అంది.

ఈలోగా సంచి సర్దుకున్నాను. అమ్మ మాట ప్రకారం బిడ్డకు కొత్తవేమీ కొనలేదు, పుట్టకముందు కొనకూడదంటుంది. నాన్నమ్మవి పాత నూలు చీరలు రెండు చింపి, ఉడకబెట్టి, ఆరేసి మడత పెట్టాను. అంతకంటే మెత్తటి గుడ్డ ఏ షాపులోనూ దొరకదు, ఆ మాట నిజం. ఇంకా ఫ్లాస్కు, టార్చి, పవర్ బ్యాంకు, ఆధార్ జిరాక్సులు ఆరు (పది పెట్టుకోవాల్సింది). కార్డులూ రిపోర్టులూ ఒక గుడ్డ ఫైలులో పెట్టాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు, వస్తున్నా.

ఊళ్లో ఆడవాళ్లకు నా సర్దుడు చూస్తే నవ్వు. వాళ్లలో సగం మంది ఇంట్లోనే కన్నవాళ్లు. ఒక ముసలమ్మ రోజూ సాయంత్రం వచ్చి నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి వెళ్లేది. తలకాయ కిందికి తిరిగిందని స్కానింగ్ కంటే ముందే చెప్పింది. ఎజ్జోడు, అంటే ఊరి పూజారి, తాయెత్తు కట్టాడు, కట్టించుకున్నాను. వద్దనడానికి నాకేం ధైర్యం ఉందని.

పదిహేనున జెండా ఎగరేశాం, చాక్లెట్లు పంచాం. రాత్రి నుంచి వాన. అల్పపీడనం. పదహారు పొద్దున ఊరివాళ్లు వెళ్లి చూసి వచ్చి గెడ్డ దాటడానికి లేదన్నారు. పదిహేడునా అంతే. పద్దెనిమిది సాయంత్రం నాకు నడుము లాగడం మొదలైంది. నొప్పులా కాదా తెలియదు, తొలిసారి కదా. కొండ మీద చీకట్లో, వాన చప్పుడులో, నడుము లాగిన ప్రతిసారీ గడియారం చూసుకోవడం. ఆ రాత్రి నాకు నా మీదే అసహ్యం వేసింది. పద్నాలుగు రోజుల సెలవు కోసం బిడ్డను పందెం పెట్టానా అనిపించింది. ముసలమ్మ నా పక్కనే పడుకుంది. తెల్లవారుజామున నొప్పి తగ్గిపోయింది.

పంతొమ్మిదిన వాన తెరిపిచ్చింది. నేను నడుస్తానన్నాను. పిల్లల నాన్నలు అప్పటికే వెదురు గడకు దుప్పటి కట్టేసి గుమ్మం ముందు నిలబడ్డారు. డోలీ. ఆ ఊరి నుంచి ఎంతోమంది డోలీలో దిగడం చూశాను, పేపర్లో ఫొటోలూ చూశాను. నేను ఎక్కాల్సి వచ్చేసరికి తల కొట్టేసినట్టయింది. ఒకాయన అన్నాడు, "నువ్వు జారి పడితే ఊరికి మాట టీచరమ్మా. ఎక్కు."

లోపల పడుకుంటే కనిపించేది గడ, ఆకాశం, ముందు నడిచే మనిషి మెడ. అంతే. నడుము విల్లులా వంగిపోతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని ఏఎన్ఎం అక్క ముందే చెప్పింది కాబట్టి కొంత నయం. మొయ్యడానికి ఎనిమిది మంది వచ్చారు, ఇద్దరిద్దరు మార్చుకుంటూ. పిల్లలు గెడ్డ దాకా వెంట వచ్చారు, ఒకడు నా మీద గొడుగు పట్టుకుని పరుగెత్తాడు. వాడి గొడుగు నా మొహానికి తప్ప అన్నిటికీ అడ్డం పడింది.

గెడ్డలో నీళ్లు నడుము లోతు. అటూ ఇటూ చెట్లకు తాడు కట్టారు. గడను భుజాల మీంచి తలల మీదికి ఎత్తారు. నేను కళ్లు మూసుకున్నాను, పొట్ట చుట్టూ చేతులు పెట్టుకున్నాను. అవతలి ఒడ్డు నుంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియదు. దాటాక ఆయన ఒక్క మాటా అనలేదు, నా చెప్పులు తీసి నీళ్లు వంచారు. రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది మొత్తం.

గుడ్డ ఫైలు మోసిన కుర్రాడు తాడు పట్టుకునే కంగారులో దాన్ని నీళ్లలో ముంచేశాడు. తల్లీబిడ్డ కార్డు మీద సిరా అంతా కారిపోయి, నంబరు కనిపించకుండా పోయింది. జులైలో ఎందుకో తోచి అన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకున్నాను, అవే పనికొచ్చాయి. ప్లాస్టిక్ కవరు కొనండి, పది రూపాయలు.

మోసినవాళ్లకు మా ఆయన డబ్బులు ఇవ్వబోయారు. పెద్దాయన చెయ్యి వెనక్కి తోసేశాడు. "ఇది తీసుకుంటే కూలి పని అయిపోద్ది బాబూ. రేపు ఇంకొకరిది డబ్బుల్లేని ఇల్లయితే మోసేవాడు ఆలోచిస్తాడు." తర్వాత మా ఆయన ముప్పై మీటర్ల నైలాన్ తాడు కొని పంపారు. అది మాత్రం తీసుకున్నారు.

రోడ్డు దగ్గరి నుంచి ఆటో 600. గర్భిణుల వసతి గృహంలో చేరాను. కొండ ఊళ్ల ఆడవాళ్లు నెలలు నిండేటప్పుడు వచ్చి ఉండడానికే ఇలాంటివి పెట్టారు, మా జిల్లాలో సాలూరులో 2018లో మొదలైంది. మంచాలు, భోజనం, గుడ్డు, పాలు, రోజూ బీపీ చూస్తారు. తోడు ఒకరు ఉండొచ్చు, అమ్మ వచ్చింది. చేరే రోజు అక్కడి ఉద్యోగి ఒకాయన జీతం వచ్చేవాళ్లకు కాదన్నాడు. ఏఎన్ఎం అక్క ఫోన్లో ఆయనతో ఏం మాట్లాడిందో గానీ మంచం దొరికింది.

కిందికి దిగితే టెన్షన్ తీరిపోతుందనుకున్నాను. అసలు కష్టం అక్కడ మొదలైంది. పద్నాలుగు రోజులు ఏ పనీ లేదు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, మధ్యలో గోడ. మొదటి మూడు రోజులు నిద్రపోయాను. నాలుగో రోజు నుంచి సాయంత్రం నాలుగైతే చాలు, బడి గంట కొట్టే వేళ, మనసు ఎక్కడా నిలవదు. పక్క మంచం సవర అమ్మాయిది మూడో కాన్పు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, కోళ్లు, పోడులో కలుపు. రోజూ తలుపు దగ్గర కూర్చుని కొండ వైపు చూసేది. ఐదో రోజు పొద్దున లేచేసరికి మంచం ఖాళీ. వాళ్ల ఆయన రాత్రే వచ్చి తీసుకెళ్లాడట. తర్వాత ఇంట్లోనే కాన్పు అయిందని, ఇద్దరూ బాగున్నారని తెలిసింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. నేనూ అలా వెళ్లిపోవాలని రెండుసార్లు అనుకున్నాను.

ఆగస్టు 29 రాత్రి పదకొండుకు నొప్పులు వచ్చాయి. 108 ఇరవై ఐదు నిమిషాల్లో వచ్చింది. ఆసుపత్రిలో చూసి ఇవి ఉత్త నొప్పులు, వెళ్లిపోండి అన్నారు. రాత్రి రెండు గంటలకు వెనక్కి తీసుకెళ్లడానికి 108 రాదు. తల్లీబిడ్డలను ఇంటి దగ్గర దింపే బండి కాన్పు అయ్యాకే. ఆటో అతను 500 అడిగి 400కు ఒప్పుకున్నాడు. ఈ ఖర్చు ఎవరి లెక్కలోనూ ఉండదు.

సెప్టెంబరు 3 తెల్లవారుజామున ఐదూ పదికి ఉమ్మనీరు పోయింది. ఆ తర్వాతి పదహారున్నర గంటల గురించి ఎక్కువ రాయను. రక్తం తక్కువ కాబట్టి దాతను సిద్ధంగా పెట్టుకోమన్నారు. మా ఆయనతో పనిచేసే లైన్‌మన్ తమ్ముడు వానలో బండి మీద వచ్చి రోజంతా బయట బెంచీ మీద కూర్చున్నాడు. రక్తం అవసరం పడలేదు. అతనికి బిర్యానీ పెట్టించాం. రాత్రి 9:40కి పాప పుట్టింది, రెండు కిలోల ఆరు వందల గ్రాములు. మామూలు కాన్పే, నాలుగు కుట్లు. దాని ఏడుపు విన్నాక నాకు గుర్తొచ్చిన మొదటి మాట, ఇక్కడ ఏ గెడ్డా లేదు అని.

వార్డులో పాపను తెచ్చి ఇచ్చిన ఆయమ్మ చెయ్యి చాపింది. ఆడపిల్లయితే ఐదొందలు, మగపిల్లాడయితే వెయ్యి అట రేటు. అమ్మ గొడవ పెట్టుకోబోతే ఆపాను. పెట్టుకోనివ్వాల్సిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మూడో రోజు పాపకు పచ్చకామెర్లన్నారు, రెండు రోజులు నీలం లైటు కింద పెట్టారు, తగ్గింది. ఎనిమిదిన తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో పుట్టింటికి దిగాం, పైసా అడగలేదు.

మొత్తం ఖర్చు పుస్తకంలో 23,400 తేలింది. అందులో మందులూ పరీక్షలూ కలిపి ఆరు వేలు కూడా లేవు. మిగతాదంతా ఆటోలు, జీపులు, పెట్రోలు, తోడొచ్చినవాళ్ల భోజనాలు. తొలి కాన్పుకు కేంద్రం ఇచ్చే మాతృవందన డబ్బులు 5 వేలు వస్తాయని అందరూ చెప్పారు, అప్లై చేయబోతే ప్రభుత్వోద్యోగులకు వర్తించదన్నారు. ముందే తెలిస్తే ఆ రెండు తిరుగుళ్లూ తప్పేవి.

సెలవు ఆగస్టు 21 నుంచి పెట్టాను. దానికి ముందు మూడు రోజులు సీఎల్. ఏఎన్ఎం అక్క చెప్పినట్టు 4న దిగి ఉంటే సెలవు ఇంకో రెండు వారాలు ముందే మొదలయ్యేది. ఎప్పుడు దిగావని అడిగినవాళ్లకు నేను చెప్పేది, వానాకాలం కాన్పయితే ముప్పై ఆరు వారాలకు దిగండి, సెలవు పోతే పోనీ. ఎండాకాలమైతే నా సమాధానం వేరుగా ఉండేదేమో, అబద్ధం చెప్పను.

ఫిబ్రవరి 17న బడిలో చేరాలి. నిన్న, అప్పట్లో ఐదో తరగతి చదివిన ఆ పాప బండ మీంచి ఫోన్ చేసింది, దాని దగ్గర ఎవరి ఫోనో. పాప పేరేంటి అని అడిగింది, ఇంకా పెట్టలేదన్నాను. ఎప్పుడొస్తావు అంది, చెప్పాను. గెడ్డ ఎలా ఉందని నేనడిగాను. ఇప్పుడు మోకాళ్ల దాకా ఉందట. ఫిబ్రవరికి చీలమండలు కూడా తడవవు అంది.